ఖుష్కిలో దిగబడ్డ జీపు

మొన్న పంచాయతీ ఆఫీసు గోడకు కాగితాలు అంటించారు. బోధన్ పక్క నుంచి బైపాస్ రోడ్డు వస్తుందట. ఎవరి భూమి ఎన్ని గుంటలు పోతుందో రాసి, అభ్యంతరాలుంటే గ్రామసభకు వచ్చి చెప్పుకోమన్నారు. నేను కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వెళ్ళాను. పాల కేంద్రం నడిపే అమ్మాయి పక్కనే ఉంటే చదివి పెట్టమన్నాను. ఆమె వేలు పెట్టుకుంటూ నా పేరు దగ్గర ఆగింది. సర్వే నంబరు చదివింది, గుంటలు చదివింది, చివరి గడి దగ్గర తడబడింది.

"ఖు... ఖుష్కి. ఖుష్కి అంటే ఏంది పెద్దమ్మా?"

ఆ మాట చెవిన పడగానే నా ముక్కుకు కాలిన చెరకు ఆకు వాసన తగిలింది. ఆ చుట్టుపక్కల ఎక్కడా చెరకు లేదు. మా వైపు చెరకు వేసి ఎన్నో ఏళ్ళయింది. అయినా వాసన వచ్చింది, నిజం. వాసనతో పాటు మా అవ్వ కూడా వచ్చి పక్కన నిలబడినట్టే అనిపించింది. మా వైపు అమ్మనే అవ్వ అంటాం.

"నీళ్ళు పారని భూమిని ఖుష్కి అంటరు బిడ్డా. పారేదాన్ని తరి అంటరు. నాది తరి," అన్నాను.

"మరి ఖుష్కి అని ఎందుకు రాసిండ్రు?"

"అగ్గువకు, తక్కువ పైసలకు దొర్కుతదని."

నేను మూడో తరగతి చదివేటప్పుడు ఈ రెండు మాటలకు మధ్య ఎంత దూరముందో తెలిసింది. అప్పుడు మా బతుకంతా చెరకే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత వింటే లేచేవాళ్ళం, కూత వింటే అన్నం తినేవాళ్ళం. ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు గాలి నిండా చెరకు మడ్డి వాసన ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మాకు ఆ వాసన లేని రోజే ఏదో వెలితిగా ఉండేది. చెరకు బండ్లు వరసగా బోధన్ వైపు పోతుంటే పిల్లలం వెనక నుంచి గడలు గుంజేవాళ్ళం. బండివాడు చెర్నాకోల ఝళిపించేవాడు గాని దిగేవాడు కాదు, దిగితే వరసలో చోటు పోతుంది. ఆ సంగతి మాకు తెలుసు. గడ మధ్యలోంచి విరిచి, చప్పటి కొస కణుపు నాకిచ్చి, మొదలు వైపు తీపంతా మా అక్క తినేది. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా చెరకు కాలువ నీళ్ళతో పండేది. మా పొలానికీ పక్క పొలానికీ ఒకటే పిల్ల కాలువ. పక్క పొలం మేం చాచా అని పిలిచే సాయిబుది. ఆయన తాతల నుంచి అక్కడే సేద్యం, పెద్ద గడ్డం, అంతకన్నా పెద్ద గొంతు. నాలుగు రోజులు ఆయన బారి, నాలుగు రోజులు మా బారి. బారి అంటే వంతు. బారి తప్పి ఒక్క చెంబెడు నీళ్ళు ఇటు పారినా చాచా గొంతు పక్కనున్న ఎడపల్లి దాకా వినపడేది. రంజాన్‌కు మాకు సేమ్యా పంపిన చేత్తోనే మరునాడు పార ఎత్తి కొట్లాటకు వచ్చేవాడు. మా అవ్వ కూడా తక్కువది కాదు. ఇద్దరూ గట్టు మీద నిలబడి అరుచుకుని, అలసిపోయి, ఒకే చెట్టు కింద కూర్చుని రొట్టెలు విప్పేవాళ్ళు.

మా బాపు వీళ్ళకు పూర్తిగా వేరు. నోట్లో నాలుక లేని మనిషి. సర్కారు మనిషి కనిపిస్తే చాలు, తలకు చుట్టిన తువ్వాల తీసి చంకలో పెట్టుకునేవాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదే," అనేవాడు. "నోరే లేకుంటె ఊరే ఉండది," అని అవ్వ వెంటనే అందుకునేది.

ఆ ఏడు చెరకు కొట్టుడు అయిపోయే ముందు మా ఊరికి నోటీసు వచ్చింది. ఫ్యాక్టరీకి పోయే లారీల కోసం కొత్త రోడ్డు వేస్తారట. అది మా పొలం నడుమ నుంచే పోతుంది. ఉన్న మూడెకరాల్లో ఎకరం పైన పోతుంది. చెరకు కొట్టినంక మళ్ళీ పంట పెట్టొద్దని, నీళ్ళు కూడా పారించొద్దని తలారితో చెప్పి పంపారు. మామూలుగా అయితే చెరకు కొట్టి, ఆకు కాల్చి, వెంటనే నీళ్ళు పెడతాం. నరికిన మొదళ్ళ నుంచే రెండో పంట లేస్తుంది. ఆ ఏడు మాత్రం మొదళ్ళు అట్లాగే ఎండిపోతుంటే అవ్వ గట్టు మీద కూర్చుని చూసేది. రోడ్డు వద్దని ఆమె ఒక్కరోజు కూడా అనలేదు. మా బండి కూడా ఆ రోడ్డు మీదే పోతుంది కదా అనేది. ఆమె భయం ఒక్కటే. ఇచ్చే డబ్బుతో ఇంకోచోట నీళ్ళు పారే ఎకరం దొరకాలి. దొరకకపోతే మిగిలిన ముక్కతో ఇల్లు గడవదు, అందరం కూలికి పోవాల్సిందే.

ఆకు కాల్చిన రెండు వారాలకు గిర్దావర్ వచ్చాడు. భూమిని చూసి, అది ఎలాంటిదో రాసి, నష్టపరిహారానికి పైకి పంపే అధికారి ఆయన. జీపు నల్లగా కాలిన మా పొలం మీదుగానే సరిహద్దు రాయి దాకా వచ్చింది. ఆయన కిందికి దిగలేదు. మోకాలి మీద అట్ట పెట్టుకుని ఏదో రాసుకున్నాడు. జీపులోంచే సిరా డబ్బా చాపి బాపును వేలిముద్ర వేయమన్నాడు. బాపు తువ్వాల చంకలో పెట్టుకుని, వేలు సిరాలో ముంచాడు.

"ఏం రాసిండో సదువు పోరీ," అంది అవ్వ నాతో.

నేను జీపు చక్రం ఎక్కి తల లోపల పెట్టాను. మిగతాది అర్థం కాలేదు గాని పెద్ద అక్షరాలతో ఉన్న మాట చదవగలిగాను. ఖుష్కి. దాని పక్కన పడావు. అంటే సాగు లేని బీడు అన్నమాట.

అవ్వ ఒక్క గుంజుడుతో బాపు చెయ్యి వెనక్కి లాగి, ఆ సిరా వేలును తన కొంగుకు రుద్దేసింది. ఆ నీలం మరక ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. చీర చినిగి బొంత అయినంక కూడా బొంతలో కనిపించేది.

"సారూ, నీళ్ళు పెట్టొద్దన్నది మీరే. నీళ్ళు లేవని రాసేది గూడ మీరేనా?"

"నాకు కనపడ్డదే నేను రాస్తనమ్మా. ఏడున్నయ్ నీళ్ళు?"

"మరి ఏటేట నీళ్ళ తీరువా గట్టించుకుంటిరి గద. పైసలు తీస్కునేటప్పుడు తరి, ఇచ్చేటప్పుడు ఖుష్కినా?"

"తీరువా సంగతి వేరే దఫ్తర్ల అడుగు. వచ్చేవారం పెద్ద సారు గూడ వస్తడు. గప్పటికి ముద్ర ఎయ్యకుంటె మా తీరుగ మేం రాసుకుంటం."

జీపు పోయింది. సర్కారుతో పెట్టుకుంటే ఉన్నది కూడా పోతుందని బాపు బాధ. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. పుంటికూర వండిన గిన్నె అట్లాగే మూత పెట్టి ఉంది.

మరునాడు అవ్వ తీరువా రసీదులన్నీ గుడ్డలో మూటగట్టి, నన్ను చదవడానికి తోడు తీసుకుని నిజామాబాద్ బస్సెక్కింది. అంత పెద్ద ఆఫీసు నేను అంతవరకు చూడలేదు. పాత కాగితం వాసన, సిరా వాసన, ఎవరో తిని పారేసిన అరటి తొక్కల వాసన. ఒక కిటికీ దగ్గరికి పోతే ఇంకో కిటికీకి పొమ్మన్నారు. అక్కడికి పోతే మేడ మీదికి పొమ్మన్నారు. మేడ మీద ఉన్నాయన రసీదులు తిప్పి చూసి, ఇవి సరైనవే గాని ఇది వేరే దఫ్తర్ అన్నాడు. అవ్వ మెట్లు దిగుతూ, "గీ సర్కారు మొత్తం ఒక్కటేనా, దఫ్తర్‌కొక సర్కారున్నదా?" అని పెద్దగానే అడిగింది. మెట్ల మీద కూర్చున్న వాళ్ళు నవ్వారు. బస్టాండు దగ్గర హోటల్లో నాకు మిర్చి బజ్జీ, చాయ్ ఇప్పించింది. తను చాయ్ మాత్రం తాగింది. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను చూసి, పొగ అంది. చాయ్‌కి అంత పొగ ఉండదని నాకు తెలుసు.

ఆ కళ్ళు చూసిన కోపమే నాతో తర్వాతి పని చేయించింది. ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను, నేను ఆ రోజు పిల్లచేష్టగా చేయలేదు. తెలిసే చేశాను.

పెద్ద సారు వస్తాడన్న రోజు పొద్దున పలక చంకలో పెట్టుకుని బడికని బయలుదేరాను. పిల్ల కాలువ నిండా నీళ్ళు గలగలా పారుతున్నాయి. ఆ రోజు చాచా బారి. చాచా సద్ది తినడానికి ఇంటికి పోయాడు. చుట్టూ ఎవరూ లేరు. నేను కాలువలోకి దిగి, మా వైపు మట్టికట్టను రెండు చేతులతో తవ్వి తెంపాను. నీళ్ళు కొన్ని ఇటు, కొన్ని అటు పోతున్నాయి. అటు వైపు మూయడానికి ఏమీ దొరకలేదు. పలక దించి అడ్డంగా నిలబెట్టి, చుట్టూ బురద మెత్తాను. సరిగ్గా సరిపోయింది. నీళ్ళన్నీ మా పొలంలోకి మళ్ళాయి. ఆ రోజు బడికి పోలేదు, పలక లేకుండా ఏం బడి! గట్టు చాటున కూర్చుని చూశాను. కాలిన నేల నీళ్ళు తాగుతుంటే బుస్సుమని చప్పుడు. పైన తేలిన బూడిద మళ్ళీ పరుచుకుని, పొలం దూరానికి మునుపటిలాగే నల్లగా, ఎండినట్టే ఉంది. పైన బూడిద, కింద బురద.

జీపు వచ్చింది. లోపల డ్రైవరు, గిర్దావర్, నిజామాబాద్ నుంచి వచ్చిన పెద్ద సారు. పోయినసారి దారి తెలుసు కాబట్టి డ్రైవరు సీదా పొలం నడుమకు తోలాడు. నడుమకు రాగానే ముందు చక్రాలు కూర్చున్నాయి. గట్టిగా రేస్ ఇచ్చాడు. వెనక చక్రాలు గుండ్రంగా తిరిగి, బురద ఎగిరి గిర్దావర్ తెల్ల అంగీ నిండా పడింది. ఇంకొంచెం రేస్ ఇచ్చేసరికి జీపు పొట్ట నేలకు ఆనింది.

అవ్వా బాపూ గట్టు మీదికి వచ్చారు. వెనక ఊరి వాళ్ళు పది మంది. బాపు ఎడ్లను తేవడానికి అప్పుడే తిరిగాడు. అవ్వ ఆయన్ను చేత్తో ఆపింది.

"సారూ, జీపు యాడ దిగవడ్డది?"

"కనపడ్తలేదా? బురదల!" అన్నాడు గిర్దావర్.

"గట్ల గాదు. ఖుష్కిల దిగవడ్డదా, తరిల దిగవడ్డదా? గది జెప్పుండ్రి."

ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడే కాలువ వైపు నుంచి ఫిరంగి పేలినట్టు చాచా గొంతు వచ్చింది. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో నా పలక.

"ఎవడ్రా నా బారి నీళ్ళు మలుపుకున్నది! గీ పలక ఎవరిది? ఇయ్యాల నా బారి! మా అబ్బా జమానా నుంచి నాలుగు దినాలు నాది, నాలుగు దినాలు వీళ్ళది. గిదేం దొంగతనం చెల్లే?"

అవ్వ పలకను చూసింది, నన్ను చూసింది. మా ఇంటి పలకను ఆమె గుర్తుపట్టకపోవడమా! పెద్ద సారు వైపు తిరిగింది.

"సారూ, తప్పు మాదే. చాచా తిట్టుడు న్యాయమే. గని ఒక్క మాట. ఖుష్కి భూమికి నీళ్ళ పంచాది ఉంటదా?"

పెద్ద సారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు జీపులో వదిలి, బురదలోకి దిగాడు. నడుచుకుంటూ పిల్ల కాలువ దాకా పోయాడు. గట్టును, పాత తూమును, రెండు వైపులా నీళ్ళు మళ్ళించి మళ్ళించి అరిగిపోయిన మడవలను చూశాడు. వంగి ఒక చెరకు మొదలు పట్టుకుని పీకబోతే రాలేదు. చాచాను అడిగాడు, ఎన్నేళ్ళ నుంచి ఈ వంతులు అని. చాచాకు అప్పటికి సంగతి అర్థమైంది. గొంతు తగ్గించి, తన తాత పేరు, మా తాత పేరు చెప్పి, వాళ్ళిద్దరూ ఈ నీళ్ళ కోసం ఎట్లా తలలు పగలగొట్టుకున్నారో వివరంగా చెప్పాడు. తన తాతకు తగిలిన దెబ్బ గుర్తు ఎక్కడుండేదో కూడా చూపించాడు.

పెద్ద సారు తిరిగివచ్చి గిర్దావర్‌ను చూసిన చూపు నేను మర్చిపోలేదు. అయినా గిర్దావర్ పట్టు వదల్లేదు. "ముందు జీపు తీయించుండ్రి, కాయిదం సంగతి తర్వాత సూద్దం," అన్నాడు బాపుతో.

అప్పుడు మా బాపు మాట్లాడాడు. తువ్వాల తలకే ఉంది. చంకలోకి రాలేదు.

"నా ఎడ్లు ఖుష్కిల దిగవడ్డ జీపును గుంజయ్ దొరా. వాటికి తరిలనే అలవాటు."

అంతే. జీవితంలో ఒక సర్కారు మనిషితో ఆయన ఎదురు మాట్లాడింది ఆ ఒక్కసారే. అవ్వ ఆయన వైపు నోరు తెరిచి చూసింది. పది మందీ పగలబడి నవ్వారు. చాచా అయితే పార కింద పడేసి పొట్ట పట్టుకున్నాడు. పెద్ద సారు కూడా నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు.

జీపు బానెట్ మీదే పంచనామా రాశారు. ఖుష్కి కొట్టేసి తరి అని రాసి, కొట్టివేత పక్కన పెద్ద సారు సంతకం పెట్టాడు. అవ్వ నాతో రెండుసార్లు చదివించింది. రెండోసారి నా గొంతు బాగా గట్టిగానే వచ్చింది. చాచా సాక్షి సంతకం ఉర్దూలో పెట్టాడు. అప్పుడు బాపు వేలు సిరాలో ముంచాడు. తర్వాత మా ఎడ్లు, చాచా ఎడ్లు కలిపి కడితే జీపు బయటికి వచ్చింది. పెద్ద సారు కాలువలో కాళ్ళు కడుక్కుని, గట్టు మీదే కూర్చుని మా సద్దిలోంచి జొన్న రొట్టె, పుంటికూర తిన్నాడు. మంచి మనిషి. అడుసు తొక్కితే గాని తెలియలేదు గాని, తెలిశాక ఒప్పుకున్నాడు.

అందరూ పోయాక అవ్వ నా చెవి పట్టుకుంది. చాచా బారి నీళ్ళు నేను దొంగిలించినందుకు ఆ చెవి మూడు రోజులు ఎర్రగానే ఉంది. మా తర్వాతి బారిలో రెండు రోజులు చాచాకే ఇచ్చేసింది. నేను ఏడుస్తూ అడిగాను, "నేను అబద్ధం జేసిననా అవ్వా?"

"నీళ్ళు రానికాడ పెట్టినవా, వచ్చేకాడ పెట్టినవా?"

"వచ్చేకాడనే."

"గట్లయితె అబద్ధం గాదు, దొంగతనం. గందుకే చెవి."

తరి ధరే వచ్చింది. రెండు పంటల కాలం తిప్పించుకుని ఇచ్చారు. ఈలోపు ధరలు పెరిగి, పోయినంత భూమి దొరకలేదు. ఎడపల్లి దారిలో ముప్పావు ఎకరం, నీళ్ళు పారేదే, కొన్నాం. కూలికి పోలేదు, అది చాలనుకున్నాం. కానీ ఇది న్యాయం అని అవ్వ ఏనాడూ అనలేదు. "గెలిచినం గాదు బిడ్డా, దోపిడి గాకుంట ఆపినం," అనేది. రోడ్డు పడ్డాక ఆమె చాలా రోజులు దాని మీద నడవలేదు. పక్కన ముళ్ళల్లోంచి పోయేది. అడిగితే, చెప్పులకు వేడి తగులుతుందని అబద్ధం చెప్పేది.

మిగిలిన ముక్క అవ్వ నా పేరే పెట్టింది. ఇప్పుడు ఫ్యాక్టరీ కూత లేదు, మడ్డి వాసన లేదు. బండ్లు లేవు, చాచా లేడు. ఆయన మనవడు వరి వేస్తాడు, నేనూ వరే. పిల్ల కాలువ మాత్రం ఉంది, బారి ఉంది. మొన్న గోడ మీద కాగితం చదివించుకుని ఇంటికి వచ్చి అవ్వ పెట్టె తీసి పంచనామా చూస్తే అసలు తప్పు కనిపించింది. గిర్దావర్ ఆనాడు మూడెకరాలనూ ఖుష్కి అనే రాశాడు, కొట్టేసి మార్చింది మాత్రం రోడ్డుకు పోయిన ముక్క ఒక్కటే. మిగిలిన దాన్ని ఎవరూ మార్చలేదు, మేమూ అడగలేదు. కాగితాల్లో ఇన్నేళ్ళుగా నా పొలం నీళ్ళల్లో నిలబడి ఎండిపోతూనే ఉంది.

గ్రామసభకు వచ్చిన సర్వే అమ్మాయి చిన్నది. చేతిలో టాబ్, మాట మెత్తన.

"సిస్టంలో ఖుష్కి అనే ఉందమ్మా. మేం మార్చలేం."

"ఎవరు మార్చగల్గుతరు?"

"అది వేరే సెక్షన్."

నాకు నవ్వొచ్చింది. ఆమె పాపం, ఎందుకో అర్థం కాక తనూ నవ్వింది. ఇప్పుడు కొత్త చట్టం ఉందని, ధరకు రెట్లు కట్టి ఇస్తారని ఓపికగా చెప్పింది.

"రెట్లు గట్టేది గీ మాట మీదనే గద బిడ్డా. ఖుష్కికి ఎన్ని రెట్లు గట్టినా తరి గాదు. నాకు పైసలెక్కువ వద్దు. నాది నాది లాగనే రాయుండ్రి. గంతే."

సంతకం కోసం కాగితం ముందుకు జరిపారు. ఈసారి కళ్ళజోడు తెచ్చుకున్నాను. మొత్తం గట్టిగా, అందరికీ వినపడేటట్టు చదివాను, సంతకం పెట్టకుండానే వెనక్కి జరిపేశాను. వెనక నుంచి నలుగురు లేచి తమ కాగితాలు కూడా చదివి పెట్టమని వచ్చారు. ఆ పిల్ల టాబ్ పక్కన పెట్టి, అయితే సోమవారం వచ్చి భూమి చూస్తామంది.

"మీ పొలంలోకి బండి వస్తుందా అమ్మా?"

"ఎందుకు రాదు బిడ్డా? పొలం నడుమకు సీదా తోలుకోండ్రి. ఖుష్కే గద!"

ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే పార భుజాన వేసుకుని కాలువ వైపు నడిచాను. సోమవారం బారి నాదే.